సన్నక్షరం, లావక్షరం, మటన్ కౌంటర్

దుబాయ్‌ల ఏం పని

అక్షరాలు గీసి బతకొచ్చని మా కోరుట్లలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నేను ఉద్యోగం చేసింది ఖతర్‌లో, దోహాలో. మా వాళ్ళకు మాత్రం గల్ఫ్ అంతా దుబాయే. సెలవుకు పోయినప్పుడల్లా "దుబాయ్‌ల ఏం పని జేస్తున్నవ్ ఖాదరూ?" అని అడిగేవారు. కంప్యూటర్‌లో అక్షరాలుంటాయి కదా, అవి తయారు చేస్తానంటే ఒక పెద్దాయన నన్ను జాలిగా చూశాడు. అవి కంప్యూటర్‌తోనే వస్తాయని ఆయనకు తెలుసు. పాపం పని పోయినట్టుంది, పిల్లగాడు చెప్పుకోలేక దాస్తున్నాడని మా అమ్మ దగ్గర వాపోయాడట.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడుగుతుంటారు. ఏదైనా నేర్చుకోండి, నేను రిటైరయ్యే లోపే అది నాలుగుసార్లు మారింది. నేను మొదలుపెట్టింది కుంచెతో. మా మామూ ఉర్దూ కాతిబ్, పెళ్ళి పత్రికలు చేత్తో రాసేవాడు. ఆయన దగ్గర కలం పట్టడం నేర్చుకున్నాను కాబట్టి అరబ్బీ చేతికి తొందరగా వచ్చింది. తెలుగు బడి గోడల మీద వచ్చింది. ఆ రెండూ పట్టుకుని దోహాలోని అల్ దోహా అల్ జదీదా పేటలో దుకాణాల బోర్డులు రాశాను. తర్వాత స్టిక్కర్లు కోశాను, తర్వాత మౌస్ పట్టుకున్నాను, చివరికి ఫాంట్లు తయారు చేసే ఒక స్టూడియోలో పడ్డాను. ప్రమోషన్ల సంగతి రాయను, రాసేంత రాలేదు కూడా. చివరి పెద్ద పని ఒక్కటి చెబుతాను. ఈ వృత్తిలో నాకు తెలిసిందంతా దాంట్లోనే ఉంది.

ఫ్యాన్ రెగ్యులేటర్

కార్మికుల క్యాంపులు నడిపే ఒక కంపెనీ మా స్టూడియోకి వచ్చింది. గేటు బోర్డు, బస్సు బోర్డు, హెల్మెట్ హెచ్చరిక, మెస్‌లో మెనూ, ఫోన్‌లో యాప్, అన్నిటికీ ఒకటే ఫాంట్ కావాలన్నారు. అరబ్బీ, ఇంగ్లీషు, హిందీ, తెలుగు నాలుగూ అన్నదమ్ముల్లా కనపడాలి. ఇంగ్లీషు అక్షరాలకు కొన్నిటికి కాళ్ళ దగ్గర చిన్న మడమలుంటాయి, అవేవీ లేని సాదా అక్షరం కావాలి. దాన్నే మా భాషలో సాన్స్ సెరిఫ్ అంటారు. పైగా అది వేరియబుల్ కావాలి.

వేరియబుల్ అంటే ఏమిటని మా ఆవిడ హసీనా అడిగింది. ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిదని చెప్పాను. ఒకటే ఫైలు, తిప్పితే అక్షరం సన్నబడుతుంది, ఇంకా తిప్పితే లావెక్కుతుంది, మరో రెగ్యులేటర్ తిప్పితే ఇరుకు నుంచి వెడల్పవుతుంది. ఆమె కాసేపు ఆలోచించి, "అక్షరాలకు సుత డైటింగేనా జీ, ముందు మీరు తిప్పుకోండి" అని నా పొట్ట వైపు చూసింది.

పని చేసే పద్ధతి చెబుతాను, వినండి. మనం అన్నిటికన్నా సన్నది ఒకటి, అన్నిటికన్నా లావుది ఒకటి గీస్తాం. మధ్యలోవన్నీ కంప్యూటర్ కల్పించుకుంటుంది. కాకపోతే రెండు బొమ్మల్లోనూ అవే చుక్కలు, అదే వరసలో ఉండాలి. సన్నదాన్ని ఎడమ నుంచి మొదలుపెట్టి లావుదాన్ని కుడి నుంచి మొదలుపెడితే ఎడమ చుక్క కుడికి, కుడి చుక్క ఎడమకి పరుగెత్తి దారిలో గుద్దుకుంటాయి. నా 'క్ష' సరిగ్గా అదే చేసింది. సన్నది బాగుంది, లావుది బాగుంది, ఆ రెండూ చూసుకుని మీటింగుకు పోయాను. కంపెనీ ఆయన సరదాగా రెగ్యులేటర్ పట్టుకుని నడిమధ్యలో ఆపాడు. తెర మీద జిలేబీ ప్రత్యక్షమైంది. ఆయన దాన్ని శ్రద్ధగా చూసి, ఇది మా కొత్త లోగోనా అని అడిగాడు.

పిల్లలూ, రెండు కొసలు చూసి సంబరపడకండి. జనం వాడేది మధ్యలోదే.

తల తీయమన్న బాస్

మా బాస్ పేరు నబీల్, లెబనాన్ మనిషి. అరబ్బీ అక్షరం ఆయన చేతిలో నాట్యం చేసేది. మనసు మంచిది, మాట తియ్యనిది, అందరూ ఆయనకు హబీబీలే. రెండు బలహీనతలుండేవి. ఒకటి, సన్నదనం. మనిషి సన్నం, ఫోన్ సన్నం, గీసే అక్షరం మరీ సన్నం. లావు అక్షరం చూస్తే ఆయన మొహం నూనె కారే పూరీ చూసినట్టు అయ్యేది. రెండోది, వయసు. కళ్ళద్దాలు ముసలివాళ్ళకని ఆయన సిద్ధాంతం. తలుపంత మానిటర్ పెట్టుకుని ఒక్కో అక్షరాన్ని గోడ గడియారమంత చేసుకుని చూసేవాడు. అది ఆయన నిశిత దృష్టి అని నేను చాలాకాలం అనుకున్నాను.

నా తెలుగు మొదటిసారి చూసినప్పుడు ఆయన అక్షరాల మీదున్న తలకట్టు దగ్గర వేలు పెట్టాడు. సాదా అక్షరమన్నాం కదా హబీబీ, ఈ టిక్కు మార్కులెందుకు, తీసెయ్ అన్నాడు. అవి టిక్కులు కావు, అక్షరానికి తల అని చెప్పాను. సన్నది చేద్దామన్నాడు. చేశాను. ఇంకొంచెం అన్నాడు. చివరికి ఆ పేజీ మొత్తం తల దువ్వుకోకుండా వచ్చిన బడిపిల్లల్లా కనపడింది, అప్పుడు ఆయనే వద్దన్నాడు. బాస్‌తో వాదించి గెలవలేనప్పుడు చెప్పింది చేసి చూపించడం మంచిది. ఇది అన్ని ఉద్యోగాలకూ పనికొస్తుంది.

అసలు గొడవ వరుస ఎత్తు దగ్గర వచ్చింది. నాలుగు భాషల వరుసలూ సమానంగా ఉండాలని నబీల్ పట్టు. ఇంగ్లీషు అక్షరం ఒంటరి మనిషి, ఎక్కడైనా సర్దుకుంటుంది. తెలుగు అక్షరం అలా కాదు, పైన గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము, సంసారంతో సహా దిగుతుంది. బ్యాచిలర్ రూములో ఫ్యామిలీని పెట్టమన్నట్టుంది మీ మాట అని చెప్పాను. గల్ఫ్‌లో ఉన్నవాడికి ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. ఆయన నవ్వాడు గానీ వినలేదు. వరుస పెంచడు, కాబట్టి తెలుగు చిన్నదై కూర్చోవాలి. చీమల బారులా తయారైంది. పైగా బోర్డుల మీద అన్నిటికన్నా సన్నటి అక్షరమే వాడతానన్నాడు.

రాజన్న ఎక్కిన బస్సు

ఆ రోజుల్లోనే అల్ ఖోర్ దగ్గరి క్యాంపుకు పోయాను. అక్కడ మా జగిత్యాల వైపు వాళ్ళు చాలామంది. వాళ్ళ గదికి పెద్దమనిషి రాజన్న. వయసులో అందరికన్నా పెద్ద, మాటలో ఇంకా పెద్ద. రాస్ లఫాన్‌లో డ్యూటీ. ఆయన రెండుసార్లు తప్పు బస్సు ఎక్కాడు. బస్సులన్నీ ఒకే రంగు, ఎక్కడికి పోతుందో ముందు అద్దం మీద మా ఫాంటుతో పెట్టిన నమూనా బోర్డు ఉంటుంది, అందులో అట్టడుగున తెలుగు. రెండోసారి ఎక్కిన బస్సు ఆయన్ను పూర్తిగా ఎదురు దిక్కున మెసైమీర్‌లో దింపింది. రాజన్న బెదరలేదు. ఎవరిదో సైటులో పొద్దంతా ఇటుకలు మోసి, వాళ్ళ అన్నం తిని, సాయంత్రం తిరిగొచ్చాడు. అక్కడి ఫోర్‌మన్ మెచ్చుకున్నాడట కూడా. ఇక్కడ మాత్రం గైర్హాజరు పడింది. మూడోసారి ఇలా జరిగితే ఇంటికి పంపిస్తామని క్యాంప్ బాస్ చెప్పేశాడు.

నాకు ఆయుధం దొరికింది. చూడండి, మీ చీమల బారు వల్ల ఒక మనిషి ఉద్యోగం పోబోతోందని నబీల్‌కు చెప్పాను. ఆయన తొణకలేదు. చిన్న తెలుగును వాళ్ళు చదవలేరని నిరూపించు, వరుస పెంచుతానన్నాడు. మాట మీద నిలబడే మనిషే. సరే, క్యాంపుల్లో పరీక్ష పెడదామనుకున్నాం. పిల్లలూ, నా జీవితంలో జనం ఫెయిల్ కావాలని మొక్కుకున్నది ఆ ఒక్కసారే.

అందరూ పాస్

పరీక్ష సింపుల్. మెస్ గోడకు చార్టు పెట్టాను. నబీల్ చెప్పిన సైజులో, చెప్పిన సన్నదనంలో తెలుగు వాక్యాలు. "మూడో గేటు దగ్గర బస్సు ఆగును. హెల్మెట్ లేనిదే లోపలికి రావద్దు." దూరంలో గీత గీసి ఒక్కొక్కరినీ అక్కడ నిలబెట్టి చదవమన్నాను. చేతిలో ప్యాడ్, మెడలో కార్డు, తెల్ల చొక్కా. స్టూడియో నుంచి వచ్చిన అసిస్టెంట్ లెక్క రాసుకుంటున్నాడు.

మొదటివాడు కుర్రాడు, కళ్ళు చిట్లించి ఎలాగో చదివాడు. రెండోవాడు చకచకా చదివాడు. మూడోవాడు ఇంకా చకచకా. ఆ తర్వాత వచ్చినవాళ్ళు గీత దగ్గర నిలబడకముందే మొదలుపెట్టారు. రాజన్న వచ్చి రెండు చేతులూ కట్టుకుని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు ఆపకుండా చదివి, సలాం కొట్టి పోయాడు. అందరూ పాస్. నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. అసిస్టెంట్ అక్కడి నుంచే నబీల్‌కు ఫోన్ చేశాడు. ముబారక్ అని అటు నుంచి వినపడింది.

ఇంకా లైన్ మిగిలే ఉంది. పైన ఏసీ గాలికి చార్టు తిరగబడి తెల్లటి వెనకవైపు ఇటు వచ్చింది. నేను లేచి సరిచేసేలోపు గీత దగ్గరున్న మనిషి ఆ తెల్ల కాగితాన్ని నిదానంగా చూసి, "మూడో గేటు దగ్గర బస్సు ఆగును" అని మొదలుపెట్టాడు. మొత్తం చదివేసి, "కింద వత్తులు సుత సాఫ్ కనవడ్తున్నయి సాబ్" అని కూడా చేర్చాడు.

రాజన్నను పక్కకు పిలిచాను. మొదట ఒప్పుకోలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"ఖాదర్ సాబ్, గిది కండ్ల పరీక్ష గదా. మా రూముల ఉండే మల్లేశంను గిట్లనే దూరం నిలవెట్టి అక్షరాలు సదివిచ్చిండ్రు. మెడికల్ల ఫేలయిండని ఇంటికి తోలిండ్రు. మావోళ్ళను నేను పోనిస్తనా?"

మొదటి కుర్రాడి కళ్ళు మంచివని అతన్ని ముందు పంపారట. వాడు బయటికి వచ్చి చెప్పగా రాజన్న లైన్ మొత్తానికి కంఠస్థం చేయించాడు. ఇది కళ్ళ పరీక్ష కాదు, అక్షరాల పరీక్ష, ఫెయిల్ కావాల్సింది మీరు కాదు నేను అని ఎంత చెప్పినా, ఆయన తల ఊపుతూ విన్నాడు గానీ ఒక్క ముక్క నమ్మలేదు. మల్లేశం అప్పుడు సుత గట్లనే చెప్పిండ్రని అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. పని పోతుందన్న భయం ఉన్నచోట నిజం చెప్పమని అడగడమే నా తెలివితక్కువ. మెడలో కార్డు వేసుకుని, మా వాళ్ళను వరసలో నిలబెట్టి "కనపడుతోందా?" అంటే, కనపడుతోందనే అంటారు. గోడ లేకపోయినా అంటారు.

నబీల్‌కు సంగతంతా చెప్పాను. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నవ్వాక, నువ్వడిగిన పరీక్షే కదా హబీబీ, అందరూ పాసయ్యారు కదా అన్నాడు.

నోటిని అడగొద్దు

ఉపాయం హసీనా ఇచ్చింది. నేను ఇంట్లో తల పట్టుకుని కూర్చుంటే, "అడుగుతే ఎవరు చెప్తరు జీ? కూర బాగుందా అని నేను అడిగితే మీరు ఏనాడన్న నిజం చెప్పిండ్రా? నేను ప్లేట్ల ఎంత మిగిలిందో చూసుకుంట" అంది. నేను ఇన్నేళ్ళు చదివిన డిజైన్ పుస్తకాల్లో ఈ మాట ఎక్కడా లేదు.

క్యాంప్ మెస్‌లో రెండు కౌంటర్లుంటాయి. శుక్రవారం ఒకదాంట్లో మటన్ బిర్యానీ, ఒకదాంట్లో సాంబారన్నం. ఏది ఎటు అనేది ఆ రోజు వంటవాళ్ళ ఇష్టం. గిన్నెలకు మూతలుంటాయి, వాసన హాలంతా ఒకటే. క్యాంప్ బాస్‌ను బతిమాలి కౌంటర్ల పైన బోర్డులు పెట్టించాను. మొదటి శుక్రవారం చీమల బారు తెలుగు. ఎవరినీ ఏమీ అడగలేదు. చొక్కా మార్చుకుని, కార్డు జేబులో పెట్టుకుని ఒక మూల కూర్చుని ఫోన్‌లో వీడియో తీశాను. జనం తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయారు. వెనకాలవాళ్ళు తోశారు. ఒకడు ముందుకు పరుగెత్తి బోర్డు కిందికి పోయి తల పైకెత్తి చూసి, "మటన్ గీ దిక్కు" అని కేకేశాడు. అప్పుడు కదిలింది లైన్.

నబీల్ ఆ వీడియో రెండుసార్లు చూశాడు. పెద్ద తెలుగు పెడితే మాత్రం ఇలా జరగదని ఏమిటి నమ్మకం అన్నాడు. వచ్చే శుక్రవారం మీరే వచ్చి చూడండి, భోజనం కూడా అక్కడే అని పిలిచాను. బిర్యానీ అనగానే ఒప్పుకున్నాడు.

రెండో శుక్రవారం కౌంటర్లు అటూ ఇటూ మారాయి. తెలుగు వరుసకు కావలసినంత ఎత్తు ఇచ్చాను, రెగ్యులేటర్ లావు వైపు తిప్పాను. అరబ్బీ వరుస మాత్రం నబీల్ గీసిన సన్నదే, దాని మీద నేను చెయ్యి వెయ్యలేదు. తలుపు తెరిచారు. మా వాళ్ళు లోపలికి అడుగు పెడుతూనే తల ఎత్తారు, దిగిన కాలు దిగినట్టే మటన్ వైపు తిరిగింది. కేకలు లేవు, తోపులాట లేదు. ఇన్నేళ్ళలో నా అక్షరం పని చేస్తుండగా కళ్ళారా చూసింది అప్పుడే. ఎవరూ దాన్ని బాగుందనలేదు, అసలు చూసినట్టే లేదు. చూసి, చదివి, అన్నానికి పోయారు.

ఒక్క మనిషి మాత్రం తలుపు దగ్గర కాసేపు నిలబడి, పోయిన వారం మటన్ ఉన్న వైపుకు, అంటే నేరుగా సాంబారు కౌంటరుకు నడిచాడు. రాజన్న. వారం రోజులుగా మటన్ గురించి మాట్లాడుతున్న రాజన్న. నబీల్ ముందు నేను నిలబెట్టిన సాక్షి ఆయనే. ఆయనకు కనపడనిది ఆ చీమల బారు ఒక్కటే కాదని, అసలు బోర్డే కనపడటం లేదని అప్పుడు తెలిసింది. ఇది నబీల్ చూస్తే నా వాదన మొత్తం గంగలో కలిసినట్టే. నబీల్ ఎక్కడున్నాడా అని వెతికాను.

నబీల్ రాజన్న వెనకాలే ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

తన సన్నటి అరబ్బీ తనకే కనపడలేదు. ఇక్కడ మానిటర్ లేదు, పెద్దది చేసుకోవడానికి మీట లేదు. ఇద్దరి ప్లేట్లలోనూ వంటవాడు సాంబారు పోశాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. నేను బిర్యానీ ప్లేటుతో వెళ్ళి పక్కన కూర్చున్నాను. బిర్యానీ తీసుకోలేదేమని రాజన్నను అడిగితే, "ఇయ్యాల శుక్రవారం సాబ్, నీసు ముట్ట" అన్నాడు. నబీల్‌ను అడిగితే, ఈ మధ్య కూరగాయలు అలవాటు చేసుకుంటున్నానన్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు గానీ ఇద్దరూ ఒకరినొకరు చూసి గౌరవంగా తలలూపుకున్నారు. నబీల్ రాజన్న ప్లేటు గురించి ఏమైనా అనాలంటే తన ప్లేటు గురించి కూడా చెప్పాలి. నా ప్లేటులోంచి ఒక ముక్క తీసుకున్నాడు.

తర్వాతి వారం వరుస ఎత్తు పెరిగింది, బోర్డులకు సన్నక్షరం వాడకూడదని ఆయనే రూలు రాశాడు. నల్లటి మందపాటి ఫ్రేముతో కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు. ఫ్యాషన్ అన్నాడు. చాలా బాగున్నాయన్నాం అందరం.

అద్దాల దుకాణం

తెలుగు గెలిచింది, కానీ రాజన్నకు మూడో బస్సు భయం అలాగే ఉంది. బోర్డు ఎంత పెద్దదైనా ఆయనకు మసకే. ఇన్నాళ్ళూ పక్కవాళ్ళ వెనకాల నడిచి బస్సెక్కాడు, పక్కవాడు మారినప్పుడల్లా తప్పాడు. నేరుగా అడిగితే మళ్ళీ కంఠస్థం అప్పజెపుతాడు. నాకు ఫ్రేము కొనుక్కోవాలి, తోడు రమ్మని ఒక సెలవు రోజు అల్ దోహా అల్ జదీదాకు తీసుకుపోయాను. నేను ఒకప్పుడు బోర్డు రాసిన వీధే. దుకాణంలో ఒక మలయాళీ డాక్టరు కళ్ళు చూస్తాడు. ముందు నేను కూర్చుని చూపించుకున్నాను. కింది వరస నాకు కనపడలేదు, కనపడలేదనే చెప్పాను. తర్వాత రాజన్నను కూర్చోమన్నాను.

కంపెనీకి తెలుస్తదా అని అడిగాడు. ఇది బయటి దుకాణం, మన డబ్బు, మన కళ్ళు అని చెప్పాను. కూర్చున్నాడు. డాక్టరు దీపాలు తగ్గించి గోడ మీద ఇంగ్లీషు అక్షరాల చార్టు వెలిగించాడు. రాజన్న వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులూ కట్టుకుని, "మూడో గేటు దగ్గర బస్సు ఆగును" అన్నాడు.

డాక్టరు నా వైపు చూశాడు. నేను నవ్వలేదు, నవ్వు రాలేదు కూడా. కుర్చీ పక్కకు పోయి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. రాజన్న కట్టుకున్న చేతులు విప్పాడు.

"తలుపెయ్యి సాబ్," అన్నాడు.

వేసి వచ్చాను.

"కనవడ్తలేదు," అన్నాడు. "పెద్దది సుత కనవడ్తలేదు."

డాక్టరు మొదటి అద్దం తీసి ఆయన కంటి ముందు పెట్టాడు.